కిందికి పరిచే బరకం

ఈమధ్య జ్యేష్ఠమాసం చివర్లో, వానలు ఇంకా సరిగ్గా పట్టకముందు, మా అప్ప మనవరాలు గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి నా చేతిలో ఫోను పెట్టింది. తనూ, ఆఫీసులో స్నేహితురాళ్ళు ముగ్గురూ కలిసి అనంతగిరి కొండల్లో చెట్లకి ఉయ్యాలలు కట్టుకుని రెండు రోజులు ఉండి వస్తారట, ఉయ్యాల కొనడం అయిపోయిందట, ఇక దాని పైన వాన పడకుండా కట్టుకునే కప్పు ఒకటి మిగిలిందట, మరీ ఖరీదు కాకుండా అందుబాటులో ఉన్నదేదో నేను ఎంచిపెట్టాలట.

"బడ్జెట్ టైటు తాతా. ఈ మూడిట్లో ఏది కొనాలో నువ్వే చెప్పు. మామ్మ నిన్నే అడగమంది. అప్పుడు కొండ మీద వానలో మా తాతయ్య ప్రాణం కాపాడింది నువ్వేనట కదా, నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదంది" అంది ఆ పిల్ల, ఎంతో ధీమాగా.

కళ్ళజోడు లోపల ఉందని అబద్ధం చెప్పి (అది చొక్కా జేబులోనే ఉంది) వెనక గదిలోకి వెళ్ళి మంచంపట్టె పట్టుకుని కూర్చున్నాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఫోనులో గుడ్డముక్క బొమ్మ చూసి భయపడటమేమిటని మీకు నవ్వు రావచ్చు, నవ్వండి, నాకేం కోపం లేదు. కానీ వానకి కప్పే గుడ్డని ఇంకొకరి కోసం ఎంచడమనే పని నేను జీవితంలో ఒక్కసారే చేశాను, ఆ ఒక్కసారి చేసిన దాన్ని తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అరికాళ్ళు చల్లబడతాయి. అది ఎవరికీ చెప్పలేదు.

అప్ప అంటే మా అక్క. మావైపు అలాగే పిలుస్తాం. ఆవిడ భర్త, మా బావ, పోయిన ఏడాది పండు వయసులో, నిద్రలో వెళ్ళిపోయాడు. నేను చెప్పబోయేది అంతకు చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను ఇంటరు తప్పి, ఆనందపురం దగ్గర మా ఊళ్ళో నాన్న పొలం గట్ల మీద పనీపాటా లేకుండా తిరుగుతుంటే, బావే జాలిపడి తను చేసే సర్వే పనిలో నన్నూ చేర్పించాడు. కొండల మీదుగా వెయ్యబోయే కరెంటు లైనుకి దారి చూసే సర్వే అది. బావది కొలత గొలుసు పట్టే పని, నాది ఆయన వెనక జెండా కర్ర పట్టుకుని నడిచే పని. అప్పా బావా కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన ఒకే గది అద్దెకి తీసుకుని ఉండేవారు. అప్పకి అప్పుడు అయిదో నెల. మేం బయల్దేరేముందు నన్ను పక్కకి పిలిచి ఒకటే మాట చెప్పింది.

"ఒరే, మీ బావకి జొరాలెక్కువ. ఆ కొండ గాలి పడదు. నువ్వు సూసుకోవాల్రా."

సూసుకుంటానప్పా అని గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాను. ఇరవయ్యేళ్ళ వయసులో మనం ఎవరికైనా ఏమైనా మాట ఇచ్చేస్తాం కదండీ.

ఆ కొండల్లో నేల మీద పడుకునే పని లేదు. వాలు నేల, తడి, జలగలు, తేళ్ళు. అందుకని సర్వే మనుషులందరూ జాలర్ల దగ్గర పాత వల తాడుతో అల్లించుకున్న ఉయ్యాలల్లో, రెండు చెట్ల మధ్య వేలాడుతూ పడుకునేవారు. ఇప్పుడు ఈ పిల్లలు సరదాకి చేసే పని మేం గతిలేక చేశామన్నమాట. ఉయ్యాల మీద కట్టుకునే కప్పు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొలిచే యంత్రానికి మాత్రం కంపెనీ వాళ్ళు దళసరి మైనపు గుడ్డ ఇచ్చారు, మనుషులకి ఇవ్వలేదు. దాని గురించి అప్పట్లో మేమెవ్వరం తప్పుపట్టలేదు కూడాను, యంత్రం విలువైనది గదా అనుకునేవాళ్ళం.

బావ తనకీ నాకూ చెరొక కప్పు కొనుక్కురమ్మని డబ్బులిచ్చి నన్ను పట్నంలో పాత ఊరు వైపు పంపించాడు. పోస్టాఫీసు దాటాక సన్నటి సందులో, ఓడల వాళ్ళకీ లారీల వాళ్ళకీ టార్పాలిన్లు కుట్టే సాయిబుగారి దుకాణం ఉండేది. తెల్ల గడ్డం, అరచేతికి తోలుపట్టీ, జానెడు సూది. నేల మీద గుడ్డ పరుచుకుని దాని మధ్యలోనే కూర్చుని కుట్టేవారు, కుట్టు పూర్తయిన చోట కరిగించిన మైనం పీలికతో రుద్దేవారు. ఆ మైనం, ఆ నూనె, సముద్రపు గాలి కలిసిన వాసన ఆ సందంతా ఉండేది. ఉయ్యాల మీదకి బరకం కావాలండీ అని చెప్పవలసినవాణ్ణి, పల్లెటూరి బింకంతో ఉత్తినే బరకం కావాలన్నాను.

"కిందికా బాబూ, పైకా?" అన్నారాయన సూది ఆపకుండా.

నాకు అర్థం కాలేదు. బరకమంటే బరకమే కదా అన్నాను. ఆయన ఓపికగా, "కిందికి పరుసుకునేది వేరే, పైన కట్టుకునేది వేరే. పైకైతే కుట్టుకి మైనం ఎక్కించాల. పనెక్కువ బాబూ, రేటూ ఎక్కువే" అన్నారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా రైతుల ఇళ్ళలో బరకానికి కిందా పైనా ఉండవు. గోనెలు విప్పి కలిపి కుట్టిన ఆ పట్టానే కళ్ళంలో కింద పరిచి వడ్లు ఆరబోస్తాం, మబ్బు పడితే వడ్లు రాశి పోసి, నలుగురం నాలుగు కొసలూ పట్టుకుని అదే బరకం ఆ రాశి మీదకి కప్పేస్తాం, వాన వెలిశాక తీసి చూస్తే పైవరస గింజలు నాలుగు చెమ్మగిల్లి ఉంటాయి, అంతే. చిన్నప్పటి నుంచీ చూసిన పని అది. కాబట్టి ఈ పట్నం సాయిబు నన్ను ఎర్రబస్సు దిగినవాడిననుకుని ఎక్కువ రేటుది అంటగడుతున్నాడని నాకు గట్టిగా అనిపించింది.

"కిందికే" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సరేనని రెండు మడతలు తీసి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు కూడా, "పరుసుకోడానికే కదా?" అని ఇంకోసారి అడిగారు. ఆ రెండోసారి అడిగినప్పుడు ఆయన చెప్పేది నిజమేమోననిపించింది. అయినా తలూపాను. మిగిలిన డబ్బులు బావకి తిరిగిచ్చి, సగానికి సగం తక్కువలో పట్టుకొచ్చానని చెబితే, ఆయన ఉయ్యాలలు కట్టుకుంటున్న మిగతా వాళ్ళందరి ముందూ నా భుజం చరిచి, మావోడు బేరం ఆడితే సూడాల అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసమే నేను అలా చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

మొదటి వారం చినుకులే పడ్డాయి. బరకం తడిసి ఉబ్బి, నీటిచుక్క కూడా దిగకుండా నిలబడింది. సర్వేయరుగారు చూపిస్తే, కప్పు తాడుకీ ఉయ్యాల తాడుకీ చెట్టు దగ్గర చిన్న పురికొస ముక్క వేలాడగట్టడం నేర్చుకున్నాను, తాడు మీదుగా జారే నీళ్ళు ఆ ముక్క వెంట కారిపోతాయి, పడుకున్న మనిషి దాకా రావు. ఆ కిటుకు నేర్చుకుని, ఇక వానని జయించేశానని మురిసిపోయాను.

రెండో వారంలో బావకి చలిజ్వరం పట్టుకుంది. ఆ రోజు పొద్దున్నే మిగతా వాళ్ళందరూ యంత్రం మోసుకుని అవతలి గట్టు మీదకి పనికి వెళ్ళిపోయారు, నన్ను బావకి కాపలా ఉంచారు. మధ్యాహ్నం భోజనాల వేళకి కొండ మీద వెలుతురు పోయింది. గాలి ఆగింది, పిట్ట అరవలేదు, ఆ వెంటనే వాన ఒక్కసారిగా పడింది. కళ్ళంలో నేను చూసిన వాన అలా పడేది కాదు. ఉయ్యాలలో బావ దుప్పటి ముసుగు పెట్టుకుని వణుకుతున్నాడు, నేను పక్కన నిలబడి పైకి చూస్తున్నాను. పావుగంటలో బరకం మధ్యలో నీళ్ళు నిలిచి, నిండు కడవంత బొజ్జ దిగింది. ఆ బొజ్జ సరిగ్గా బావ గుండెల మీద వేలాడుతోంది. దాని మధ్య నుంచి ఒక కుట్టు పోతోంది, ఆ కుట్టు పొడవునా నీళ్ళు ముత్యాల్లా పైకి తేలి, ఒకదానికొకటి అంటుకుని, కారడం మొదలెట్టాయి.

అప్పుడు నాకు సాయిబుగారు ఎందుకు అడిగారో తెలిసింది. వడ్ల రాశి మీద కప్పిన బరకానికి కింద గింజలు ఆసరాగా ఉంటాయి, నీరు నిలవకుండా వాలుగా జారిపోతుంది. గాలిలో కట్టిన బరకానికి కింద ఆసరా లేదు. కింద ఉన్నది మా బావ.

జెండా కర్ర తీసుకుని కింది నుంచి ఆ బొజ్జని పైకి పొడిచాను. మొదటిసారి నీళ్ళు పక్కకి పోయాయి. రెండోసారి కర్ర కుట్టు వెంట పైకి దూసుకుపోయింది, బరకం పర్రున చీలింది, ఆ నీళ్ళన్నీ ఒక్కపెట్టున ఆయన మీద పడ్డాయి. అంత చల్లటి నీళ్ళు మీద పడినా బావ అరవలేదు. ఆ అరవకపోవడానికే నేను హడలిపోయాను. కాసేపటికి ఆయన వణుకు కూడా ఆగిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఎంతో మామూలుగా అన్నాడు:

"తలుపెయ్యి బావా, వాన లోనికొచ్చెత్తంది."

ఆయన కంచరపాలెం గదిలో ఉన్నాననుకుంటున్నాడు. బామ్మర్దినైనా నన్ను బావా అనే పిలిచేవాడు. అక్కడ తలుపు లేదు, గోడ లేదు, కేకేస్తే పలికే మనిషి లేడు, వాన చప్పుడులో నా కేక నాకే వినబడలేదు. నిజం చెప్పేస్తాను, ఆ నిమిషంలో నాకు ముందుగా కలిగిన భయం ఆయన పోతాడేమోనని కాదు. అప్పకి ఏమని చెప్పాలా అని. అయిదో నెల కడుపుతో రైలుపట్టాల పక్కన గుమ్మంలో నిలబడ్డ మా అప్ప కళ్ళ ముందు కనబడింది, ఆవిడ ఆ బరకం చూస్తుంది, చూడగానే ఇది కళ్ళంలో పరిచేది కదరా అంటుంది. అంత హీనంగా ఉంది నా భయం.

తర్వాత చేసిందంతా చేతులే చేశాయి. చిరిగిన బరకం, నా బరకం రెండూ తెంపి, నాలుగు మడతలు పెట్టి, గాలిలో కట్టకుండా నేరుగా బావ ఒంటి మీదే కప్పి, రాశి చుట్టూ దోపినట్టు అంచులు కిందికి దోపి, ఆయన మీద నేను వాలి పట్టుకుని ఉన్నాను. అలా ఎంతసేపో తెలియదు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోందా లేదా అని వినడం తప్ప నాకు వేరే పని లేదు. మధ్యలో రెండుమూడుసార్లు తగల్లేదనిపించి ఏడ్చాను.

వానకి పని ఆపేసి మిగతా వాళ్ళు తిరిగొచ్చారు. సర్వేయరుగారు ఒక్క చూపు చూసి, యంత్రం మీది మైనపు గుడ్డ లాగేసి బావకి చుట్టారు. యంత్రం వానలో తడుస్తూ ఉండిపోయింది. ఉయ్యాల తాళ్ళలోంచి వెదురు బొంగు దూర్చి, డోలీ కట్టి, నలుగురం ఎత్తుకున్నాం. దారిలో గెడ్డ దాటాలి. పొద్దున పాదాలు తడిసేంత ఉన్న ఆ కొండవాగు ఇప్పుడు నడుందాకా ఎర్రగా పరుగెడుతోంది. నేను వెనక కొసన ఉన్నాను. మధ్యలో కాలి కింద రాయి కదిలింది, బొంగు నా భుజం మీంచి జారబోయింది, ముందున్న వాళ్ళు వెనక్కి తిరిగి బూతులు తిట్టారు. ఆ తిట్లకే నిలదొక్కుకున్నాను. రోడ్డు మీద ఏదో లారీ ఆపారు, శృంగవరపుకోట ఆసుపత్రిలో చేర్చాం. రెండు రోజులకి గానీ బావ మనిషిని గుర్తుపట్టలేదు.

అప్ప బస్సు దిగి వచ్చి, అంతా సర్వేయరుగారి నోట విని, నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు నేకపోతే మీ బావ నాకు దక్కేవోడు కాదురా" అంది. అప్పుడే చెప్పెయ్యవలసింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను. సామాన్ల కోసం తిరిగి కొండ మీదకి వెళ్ళినప్పుడు ఆ చిరిగిన బరకాన్ని గెడ్డలో వదిలేశాను, అది బండల మధ్య తిరుగుతూ కనబడకుండా పోయేదాకా నిలబడి చూశాను.

ఆ పని మానేసి పోర్టులో తూకం దగ్గర గుమాస్తాగా చేరాను, రిటైరయ్యేదాకా అదే. ఎరువు బస్తాల వ్యాగన్లు టార్పాలిన్ కప్పుకుని నా కిటికీ ముందు నుంచి వెళ్తుంటే అందరూ కాంటా చూసేవారు, నేను కుట్లు చూసేవాణ్ణి. ఇంట్లో పెళ్ళయినా, పురుడయినా, అప్ప నలుగురిలో నా కథే చెప్పేది, బావ నవ్వుతూ నా భుజం చరిచేవాడు. ఆ చెయ్యి పడ్డప్పుడల్లా, ఇప్పుడు తెలిసిపోతుందేమో, ఇప్పుడు అడుగుతాడేమోనని ఒళ్ళు బిగుసుకునేది. ఆయన ఎప్పుడూ అడగలేదు.

సరే, కళ్ళజోడు పెట్టుకుని ముందు గదిలోకి వచ్చి, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మూడు కప్పులు: ఒకటి అరచేతిలో పట్టేంత పల్చన, కానీ ధర ఆకాశంలో ఉంది, ఇంకోటి నీలంరంగు ప్లాస్టిక్ పట్టా, చవకే కానీ మూటంత బరువు, మూడోది మధ్యరకం. వాటి కింద జనం రాసినవాటిలో మెచ్చుకున్న మాటలు వదిలేసి, తిట్టినవి చదివి వినిపించమన్నాను. కొన్నవాళ్ళు తమ పొరపాట్లు ఎంత తేలిగ్గా రాసేశారనుకున్నారు! ఒకతను కుట్టు దగ్గర కారింది, మా తమ్ముడు తడిశాడు, నేనే సరిగ్గా చూసుకోలేదు అని ఊరూ పేరూ లేని లోకానికి చెప్పేసి ఊరుకున్నాడు. నాకు ఆ మనిషి మీద అసూయ కలిగింది. మధ్యరకం దానికి కుట్ల మీద లోపలివైపు టేపు వేసి ఉందట, అదే కొనమన్నాను, వచ్చాక ముందు నాకు చూపించాలన్నాను.

అది వచ్చిన రోజు మేడ మీద నీళ్ళ ట్యాంకు గొట్టానికీ యాంటెన్నా స్తంభానికీ మధ్య కట్టించి, కింద ఆ ఉయ్యాలలో నేనే పడుకుని, పైనుంచి బకెట్లతో నీళ్ళు పొయ్యమన్నాను. ఆరు బకెట్లు. పిల్ల నవ్వాపుకోలేకపోతూనే పోసింది, పక్కింటివాళ్ళు పిట్టగోడ పట్టుకుని చూశారు. కుట్టు మీదే కళ్ళు పెట్టుకుని, పళ్ళు బిగించి పడుకున్నాను. చుక్క దిగలేదు. ఆ పిల్ల అదంతా వీడియో తీసి మామ్మకి పంపిందట, సాయంత్రం అప్ప ఫోను చేసింది.

"ముసిలోడివి, మేడ మీద ఏటి సేత్తన్నావురా? సూసి నవ్వలేక సత్తన్నాను."

ఆవిడ నవ్వుతుండగానే చెప్పేశాను. సాయిబుగారు రెండుసార్లు అడగడం, నేను కిందికే అనడం, కర్రతో పొడవడం, గెడ్డలో పారెయ్యడం, ఏదీ దాచలేదు. అవతల ఆవిడ వంటింట్లో కుక్కరు కూత ఒకటి, రెండు, మూడు వినబడ్డాయి.

"మీ బావకి సెప్పినావా?"

"నేదప్పా."

"ఆయనకి సెప్పకుండా, ఇప్పుడు నాకెందుకు సెప్పినావురా?"

ఫోను పెట్టేసింది. రోజూ పొద్దున్న టీ వేళకి ఫోను చేసే మనిషి, పదకొండు రోజులు చెయ్యలేదు. నేను చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. నా గుండె మీది బరువు దించుకోవడానికి డెబ్భై ఆరేళ్ళ మనిషి ఒళ్ళో పెట్టానని అర్థమైంది.

పిల్లలు కొండకి వెళ్ళిన రోజు సాయంత్రం నాలుగింటికి, సింహాచలం కొండ వెనక నుంచి నల్లగా మబ్బు లేచింది. పిల్ల మూడోనాడు పొడిబట్టలతో, దోమకాట్లతో క్షేమంగా తిరిగొచ్చిందని మీకు ముందే చెప్పేస్తున్నాను, కానీ ఆ సాయంత్రం నాకది తెలియదు. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. ఫోను మోగింది. అప్ప.

"కొండ మీద పెద్ద వానటరా. పిల్ల ఫోను తగల్డం నేదు. కుట్టు బాగా సూసినావా?"

చూశానప్పా, ఆరు బకెట్లు పోయించి చూశానన్నాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను. బయంగా ఉందిరా అంది చివరికి. నాక్కూడా అప్పా అన్నాను.

మన రోజుల్లో మనిషి కొండెక్కితే మళ్ళీ గుమ్మంలో కనబడేదాకా కబురుండేది కాదు, ఎవరి భయం వాళ్ళు కడుపులో పెట్టుకుని, బియ్యం ఏరుకుంటూనో, లెక్కలు రాసుకుంటూనో గడిపేవాళ్ళం. ఇప్పుడు చేతిలో ఫోనులు, దారిపొడవునా కారు రోడ్డు, గుప్పిట్లో పట్టే కప్పులు. ఆ సౌకర్యాలన్నిటి వల్ల నాకు ఒరిగింది ఒక్కటే. ఇన్నేళ్ళూ వాన పడ్డప్పుడల్లా నేను ఒక్కణ్ణే భయపడ్డాను, ఆ సాయంత్రం మాత్రం ఇద్దరం భయపడ్డాం. అప్ప నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. వాన వెలిసేదాకా ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు, అవతల నుంచి ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది.